పచ్చ బోర్డుకు నల్ల తొడుగు

ఆ వీధిలో కుట్టుపని చేసేవాళ్ళెవరిని అడిగినా రంగులక్కను చూపిస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆమెకూ ఒకటుంది కానీ, కొట్టులో చేరిన కొన్నాళ్ళకే అది వాడుకలోంచి జారిపోయింది. నాలుగంతస్తుల దుకాణాల భవనంలో, రెండో అంతస్తు నడవా మలుపు దగ్గర ఉన్న దారాల కొట్టులో ఆమె పని. దారం రీళ్ళు, గుండీలు, జిప్పులు, లేసులు, లైనింగ్ గుడ్డ, ఇలా దర్జీకి కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. దర్జీలు గోరంత గుడ్డముక్క పట్టుకొని వస్తారు. ఆమె దాన్ని ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి, గోడ నిండా పేర్చిన రీళ్ళలో ఒకదాని మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి తప్పేది చాలా తక్కువ. ఎవరైనా తెలియనివాళ్ళు వచ్చి నీలం దారం ఇమ్మంటే, ఉతికిన నీలమా ఉతకని నీలమా అని అడిగి వాళ్ళను తికమక పెట్టి నవ్వేది.

ఒక పద్ధతి మాత్రం ఆమె ఎప్పుడూ వదల్లేదు. ఖరీదైన గుడ్డ అయితే, రీలు తీసిచ్చాక కూడా దర్జీని వెంటబెట్టుకొని మెట్లు దిగి, వీధిలోకి వచ్చి, ఎండలో గుడ్డనూ దారాన్నీ పక్కపక్కన పెట్టి చూసేది. ట్యూబులైటు మాట మీద రంగు తేల్చకూడదని ఆమె పట్టుదల. భవనం వాచ్‌మన్ ముసలాయన ఆమె కోసం ఫుట్‌పాత్ మీద మోటారు సైకిళ్ళ మధ్య కాస్త చోటు ఖాళీగా ఉంచేవాడు. ఎవరైనా అక్కడ బండి పెట్టబోతే, అది మా అమ్మాయి సూర్యుణ్ణి చూసుకొనే చోటు బాబూ అని పక్కకు పంపేవాడు. అడిగినవాళ్ళు లేరు, చెప్పినవాళ్ళు లేరు, ఆయనంతట ఆయనే చేసేవాడు. అలాంటి మనుషుల వల్లే లోకంలో పనులు నడుస్తున్నాయని అనిపిస్తుంది.

రంగులక్క స్వతహాగా పిరికి మనిషి. ఇంట్లోంచి బయలుదేరి సందు చివరిదాకా వచ్చాక, గ్యాసు కట్టానా లేదా అని వెనక్కి పరిగెత్తేది. భర్త లారీ నడుపుతాడు, వారాల తరబడి రోడ్ల మీదే ఉంటాడు. ఫోను మోగితే చాలు, అన్నం తింటున్నా ఎంగిలి చేత్తోనే ఎత్తేది. దేవుడి ముందు నిలబడినా ఆమె అడిగేది ఒక్కటే, ఈ రోజు ఎవరికీ ఏమీ కాకుండా చూడు తండ్రీ అని.

ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. అత్తగారు వయసంతా బట్టల మిల్లులో మగ్గాల మధ్య పనిచేసింది. ఆ హోరు ఆమె చెవుల్ని తినేసింది. పక్కన పిడుగు పడినా తెలియదు. పెదవులు చూసి మాట పట్టుకొనేది, తను మాట్లాడేటప్పుడు మాత్రం మిల్లులో ఉన్నట్టే అరిచేది. ఆ అరుపులోనే వేళాకోళం కూడా. కోడలు గ్యాసు చూడ్డానికి వెనక్కి వస్తే, "వచ్చావా తల్లీ, స్టవ్వు నీ మీద బెంగ పెట్టుకుంది" అనేది, వీధి వీధంతా వినేట్టు.

ఆ ముసలమ్మను ఇంట్లో ఒంటరిగా వదిలి రావడం కోడలికి భయం. తలుపు ఎవరు కొట్టినా వినబడదు, కుక్కరు కూత వినబడదు. అందుకని కొట్టు యజమానిని బతిమాలి ఆమెకూ ఒక పని ఇప్పించింది. కళ్ళెదుట ఉంటే చాలనుకుంది. కొట్టు దాటాక నడవా మలుపు తిరిగి ఇంకాస్త ముందుకు పోతుంది. అక్కడ పక్కగా కిటికీ లేని చిన్న గది ఉంది. అందులో గుడ్డ గుండీలు చేసే చేతి ప్రెస్సు ఉంది. గుండ్రంగా కత్తిరించిన గుడ్డను రేకు గుండీ మీద పెట్టి పిడి నొక్కితే, గుడ్డ తొడిగిన గుండీ తయారవుతుంది. అత్తగారికి ఆ పని తెగ నచ్చింది. వారం తిరక్కుండానే భవనమంతా ఆమెను గుండీల మామ్మ అనడం మొదలుపెట్టింది. ఒక పండ్ల రసాల కుర్రాడయితే పైకి వచ్చినప్పుడల్లా ఆమె చేతిలో ఒక గ్లాసు పెట్టి, డబ్బులడక్కుండా దిగిపోయేవాడు.

ఇక ఆ నల్ల తొడుగుల సంగతి చెప్పాలి. అవి మామ్మ పనిలో చేరకముందువి.

భవనం కట్టినప్పుడే నడవాల్లో ఎగ్జిట్ బోర్డులు పెట్టారు. ఆకుపచ్చగా వెలుగుతూ, పరిగెత్తే మనిషి బొమ్మ, పక్కన బాణం. రెండో అంతస్తులో అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి సరిగ్గా దారాల కొట్టు బల్లకు పైన, నడవా మలుపులో. రెండోది మలుపు తిరిగాక నడవా చివర, వెనక మెట్లలోకి వెళ్ళే ఇనప తలుపు మీద. ఆ వెనక మెట్లు ఎవరూ వాడేవాళ్ళు కాదు. ముందు మెట్లు వెడల్పుగా వీధిలోకి దిగుతుంటే సందులోకి దిగే మెట్లతో ఎవరికి పని?

కోటు దర్జీ అని ఒకాయన ఉండేవాడు. మంచి పనివాడు, నోరు మాత్రం కత్తెర. ఒకసారి ఊదారంగు కోటుకు దారం కోసం వచ్చాడు. ఆ రోజు ముసురు పట్టింది, కిందికి దిగి ఎండలో చూసుకొనే వీలు లేకపోయింది. రంగులక్క బల్ల దగ్గరే రంగు కలిపి ఇచ్చి పంపింది. కోటు కుట్టి వేలాడదీస్తే భుజం మీద కుట్టంతా వేరే రంగులో జెర్రిలా కనబడిందట. ఆయన ఆ కోటు తెచ్చి బల్ల మీద పడేసి, తలెత్తి బోర్డును చూపించాడు.

"ఈ పచ్చ లైటు కింద మా ఆవిడే కప్పలా కనబడుతుంది. దారం ఒక లెక్కా అక్కా" అన్నాడు.

కొట్టులో అందరూ నవ్వారు. రంగులక్క నవ్వలేకపోయింది. ఆ సాయంత్రం మందపాటి నల్ల లైనింగ్ గుడ్డను రెండు మడతలు వేసి, మూతికి ఎలాస్టిక్ పెట్టి, బోర్డు కొలతకు సరిగ్గా సరిపోయేలా ఒక తొడుగు కుట్టింది. స్టూలెక్కి తొడిగితే పచ్చ వెలుతురు చుక్క కూడా బయటికి రాలేదు. బల్ల మీది రంగులు ఉన్నవున్నట్టు కనబడ్డాయి. దిండు గలీబులా ఎంత పొందిగ్గా ఉందోనని యజమాని మురిసిపోయి రెండోదానికీ కుట్టమన్నాడు. నడవా చివర ఇనప తలుపుకు ఆయన నిలువుటద్దం బిగించాడు. వచ్చినవాళ్ళు గుడ్డను భుజాన వేసుకొని చూసుకోవాలి కదా. అక్కడా పచ్చ వెలుతురు అడ్డమే. తలుపుకు నడుమెత్తులో, నొక్కితే తెరుచుకొనే అడ్డకడ్డీ ఒకటి ఉంటే దాని మీద లేసులూ రిబ్బన్లూ వేలాడదీశారు. చూస్తుండగానే అది తలుపన్న సంగతి అందరూ మరిచిపోయారు. అద్దం దగ్గర అంటే అర్థమయ్యేది, తలుపు దగ్గర అంటే ఏ తలుపు అని అడిగేవాళ్ళు.

తనిఖీవాళ్ళు వస్తారని కబురందిన రోజు తొడుగులు తీసి, రిబ్బన్లు దులిపి, అద్దం దించేవాళ్ళు. వాళ్ళు మెట్లు దిగగానే మళ్ళీ ఎక్కడివక్కడ. ఇందులో మోసం చేస్తున్నామని ఎవరికీ అనిపించలేదు, చుట్టాలొచ్చినప్పుడు ఇల్లు సర్దుకున్నట్టే. భయానికి మారుపేరయిన రంగులక్కకు కూడా ఆ బోర్డును చూస్తే భయం గుర్తుకు రాలేదు. ఆమె కంటికి అది లైటు, రంగు చెడగొట్టే లైటు. ట్యూబులు మార్చడానికి వచ్చిన కరెంటు అబ్బాయి ఒకసారి తొడుగు చూసి తల గోక్కుని, కరెంటు పోయినా లోపలి బ్యాటరీతో వెలిగేది అదొక్కటేనక్కా అన్నాడు. కరెంటు పోతే రంగులతో పనేముంది నాయనా, అప్పుడు తీసేద్దాంలే అని ఆమె నవ్వేసింది.

ఆ రోజు కోటు దర్జీయే వచ్చాడు, బూడిదరంగు సూటు గుడ్డ ముక్కతో. భోజనాల వేళ అవుతోంది. బూడిదరంగు చాలా చిక్కు పెడుతుంది. అందులో నీలం జాడ ఉందో ఆకుపచ్చ జాడ ఉందో ఎండలో తప్ప తేలదు. రంగులక్క మూడు రీళ్ళు ఏరి, గుండీల గది తలుపు తీసి, కిందికి వెళ్ళొస్తానని చేత్తో సైగ చేసింది. అత్తగారు ప్రెస్సు పిడి మీంచి చెయ్యి తియ్యకుండానే నీళ్ళ సీసా నింపుకు రమ్మని అరిచింది. నడవా దుమ్ము గుడ్డల మీద పడకుండా కోడలు తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

ఫుట్‌పాత్ మీద తన చోటులో నిలబడి ఆమె రెండో రీలు ఎండలోకి పట్టుకుంది. ఇదే అని చెప్పబోతుండగా ముక్కుకు ఏదో వాసన తగిలింది. ప్లాస్టిక్ కాలినట్టు, అందులో జిగురు వాసన కలిసినట్టు. వాచ్‌మన్ కూడా వెనక్కి తిరిగి చూశాడు. ముందు మెట్ల కింద భవనం మొత్తానికి కరెంటు మెయిన్ బోర్డు ఉంది. కింది అంతస్తు చెప్పుల కొట్టువాళ్ళు ఖాళీ అట్టపెట్టెలన్నీ దాని ముందే పేర్చుకొనేవాళ్ళు. అక్కడినుంచి మొదట సన్నగా, తర్వాత ఎవరో లోపలినుంచి తోస్తున్నట్టు పొగ బయటికొచ్చింది. దుకాణాల పేర్ల లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. పొగ వీధిలోకి కొద్దిగానే వచ్చింది, మిగతాదంతా దారి తెలిసినదానిలా మెట్లెక్కి పైకి పోయింది.

జనం దిగుతున్నారు. దగ్గుతూ, తుండుగుడ్డలు, కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఒకరి భుజం ఒకరు పట్టుకొని. చెప్పుల కొట్టు అమ్మాయి ఎవరిదో పసిబిడ్డను ఎత్తుకొచ్చి, తల్లి దొరికేదాకా ఒడిలోంచి దించలేదు. రంగులక్క ఒక్కొక్క ముఖమే చూస్తూ నిలబడింది. తెల్ల చొక్కా మసిబారిపోయిన కొట్టు యజమాని వచ్చాడు. ఆయన వెనక ఎవరూ లేరు.

"మా అత్తయ్య ఏరండీ?"

"నీతోనే దిగిందనుకున్నానమ్మా, భోజనాల వేళ కదా" అన్నాడాయన. "నడవా అంతా తిరిగి అరిచాను. లోపల ఎవరైనా ఉన్నారా అని గట్టిగా అరిచాను..."

అంటూనే ఆగిపోయాడు. అరుపు ఎవరి కోసం అరిచాడో ఆయనకప్పుడు తట్టింది. అక్కడే ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు.

రంగులక్క చేతిలోని రీళ్ళు ఎప్పుడు జారిపోయాయో తెలియదు. మెట్లవైపు పరిగెత్తింది. వాచ్‌మన్ ముసలాయన రెండు చేతులతో ఆమె మణికట్లు పట్టుకొని ఆపేశాడు. అంత బలం ఆయనలో ఉందని ఎవరూ అనుకోరు.

"వద్దు తల్లీ. అవిప్పుడు మెట్లు కావు, పొగగొట్టం. నువ్వు మలుపు దాకా కూడా పోలేవు."

ఆమె గింజుకుంది. గింజుకుంటూనే పైన జరుగుతున్నది మనసుతో చూసింది. ముసలమ్మకు వాసన తగిలే ఉంటుంది. తలుపు తీసి ఉంటుంది. కరెంటు లేదు, నడవాలో చీకటి, పొగ. ఎడమకు తిరిగి ముందు మెట్లకేసి పోతుంది. రోజూ వచ్చే దారి అదొక్కటే ఆమెకు తెలుసు. అక్కడ పొగ ముఖాన కొడుతుంది. వెనక్కి తిరుగుతుంది. చెవులు లేని మనిషి, ఒక గొంతు వెంట పోవడానికి లేదు. కళ్ళతోనే వెతుక్కోవాలి. ఆ చీకట్లో, ఆ అంతస్తు మొత్తంలో వెలుగుతున్నవి రెండే రెండు. కరెంటు అబ్బాయి మాట అప్పుడు ఆమె చెవిలో మళ్ళీ వినబడింది. ఆ రెండింటికీ రెండు మడతల నల్ల గుడ్డ. తన చేత్తో కుట్టింది, వెలుతురు చుక్క కూడా బయటికి రాకుండా.

"వెనక మెట్లు" అంది. మళ్ళీ అంది. వాచ్‌మన్ చేతులు వదిలేశాడు.

సందు చుట్టి పరిగెత్తింది. కోటు దర్జీ తన సంచీ, సూటు గుడ్డ ఫుట్‌పాత్ మీదే వదిలేసి ఆమె వెనకాలే వచ్చాడు. వెనక మెట్ల గదిలో పొగ లేదు. గాలి చల్లగా ఉంది. గోడకు ఒక సాలీడు గూడు కట్టుకొని నిదానంగా ఊగుతోంది. అది చూసి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. పిల్లలు కూడా ఆడుకుంటూ దిగిపోగల మెట్లు అవి. తండ్రీ తండ్రీ అనుకుంటూ చేతులతో గోడ పట్టుకొని ఎక్కింది.

రెండో అంతస్తు తలుపు మూసి ఉంది. లోపలివాళ్ళు కడ్డీ నొక్కి బయటికి రావాలే తప్ప, బయటివాళ్ళు లోపలికి పోవడానికి చేసింది కాదది. ఇటువైపు పిడి లేదు, గడియ లేదు, వేలు దూర్చే సందు కూడా లేదు. తలుపు కింద అంచునుంచి పొగ సన్నగా పాకి వస్తోంది.

రెండు చేతులతో బాదింది. దర్జీ భుజంతో కుమ్మాడు. అత్తయ్యా, అత్తయ్యా అని ఆమె గొంతు చించుకుంది. ఆవిడకు వినబడదు కదక్కా అని దర్జీ మెల్లగా అన్నాడు. అని, తనూ మామ్మా మామ్మా అని అరవడం మొదలుపెట్టాడు. అరవకుండా ఎలా ఉంటారు?

మధ్యలో ఒకసారి అతణ్ణి ఆగమని తలుపుకు చెంప ఆనించి విన్నది. అవతలివైపు కింద, నేలకు దగ్గరగా, ఏదో తలుపును ఒరుసుకుంటూ కదిలినట్టనిపించింది. గుడ్డ రాసుకున్నట్టు చప్పుడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అరచేతులు, పిడికిళ్ళు, చివరికి చెప్పు తీసి దాంతోనూ మరింత గట్టిగా బాదింది. ఆగి మళ్ళీ విన్నది. ఈసారి ఏ చప్పుడూ లేదు.

ఆ ఇనప తలుపు ముందు గడిపిన కాసేపు ఎంతసేపో ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేకపోయింది. ఫైరింజన్ వచ్చిన చప్పుడు కింద వినబడింది. ముఖాలకు గాలి తొడుగులు వేసుకున్న ఇద్దరు మనుషులు ఇనప పనిముట్లతో మెట్లెక్కి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఆమె భుజాలు పట్టుకొని పక్కకు జరిపి, లోపల ఎవరు, ఎక్కడ ఉండొచ్చు అని అడిగాడు. ఒక ముసలామె, చెవులు వినబడవు, గుండీల గది ఎడమచేతి వైపు అని చెప్పింది. నడవాలో ఎగ్జిట్ బోర్డు ఉందా, దాని గుర్తుతో లోపల తిరగొచ్చు అన్నాడు.

"ఉంది" అంది. "కనబడదు. గుడ్డ కప్పి ఉంది. తలుపు మీదిదానికీ కప్పి ఉంది."

ఆయన ఆమెకేసి ఒక్క క్షణం చూశాడు. వెనకవాడివైపు తిరిగి, బోర్డులు లేవు, గోడ వదలొద్దు అన్నాడు. అద్దం పగిలి అవతల కుప్పకూలిన చప్పుడుతో తలుపు తెరుచుకుంది. నల్లటి పొగ వాళ్ళను మింగేసింది.

దర్జీ ఆమెను ఒక మెట్టు కిందికి దింపి కూర్చోబెట్టాడు. తన చొక్కా చేతులు చిరిగి నెత్తురు కారుతున్న సంగతి అతను గమనించనే లేదు. ఇద్దరూ ఆ తలుపు నల్లదనంలోకి చూస్తూ ఉండిపోయారు. ఆమె పెదవులు కదులుతున్నాయి కానీ అది ప్రార్థన కాదు, నన్ను తీసుకో నన్ను తీసుకో అన్న మాట ఒక్కటే.

పెద్దాయన మామ్మను రెండు చేతుల మీద పసిపిల్లలా ఎత్తుకొని వచ్చాడు. తల వెనక్కి వాలిపోయి ఉంది. ముక్కు రంధ్రాలు నల్లగా ఉన్నాయి. గుండీల బల్ల కింద ముడుచుకొని దొరికిందని చెప్పాడు. రెండోవాడు వెనకే వచ్చాడు. అతని చేతిలో నల్ల తొడుగు ఉంది. లాగితే లోపల బోర్డు వెలుగుతూనే ఉంది అని అతను ఎవరితోనో అన్నట్టుగా అన్నాడు. రంగులక్క అది విన్నది.

మామ్మకు మర్నాటి మధ్యాహ్నానికి ఆసుపత్రిలో తెలివొచ్చింది. దేవుడు చల్లగా చూశాడు. ముక్కుకు గొట్టం, చేతికి సూది, గొంతులో బొగ్గు నమిలినట్టు బొంగురు. వాచ్‌మన్ ముసలాయన పొద్దున్నే వచ్చి, నిన్న మణికట్లు నొప్పి పెట్టాయా తల్లీ అని అడిగి, క్షమించమన్నట్టు నిలబడి వెళ్ళాడు. కోటు దర్జీ కట్టు కట్టిన చేత్తోనే ఫ్లాస్కులో టీ తెచ్చి, మంచం కింద పెట్టి, వరండాలో కూర్చున్నాడు. అతని నోట ఒక్క ఎకసెక్కెం కూడా రాలేదు.

మామ్మ ఊపిరి కూడదీసుకుంటూ జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. ముందు మెట్లకేసి పోయి, కళ్ళు మండి వెనక్కి వచ్చిందట. గుండీల అంచు చూసుకొనే చిన్న టార్చి రొంటిన దోపుకొని ఉంటే వెలిగించిందట. నడవా అటువైపు చివర ఎవరో ఒక మనిషి చేతిలో దీపంతో తనకేసి వస్తూ కనబడిందట.

"నువ్వేననుకున్నా. వచ్చావు కదా అని గబగబా నడిచా. తీరా పోతే అద్దం. నేనే."

ఇక నడవలేక ఆ అద్దం కిందే గోడకు వీపు ఆనించి కూర్చుందట. అక్కడ పొగ కాస్త తక్కువగా ఉందట.

"కూర్చుంటే వెనక దబదబా దెబ్బలు తగిలాయే అమ్మాయ్. నా వీపులోకి. తిరిగి చూస్తే అద్దంలో నేను వణికిపోతున్నా. గోడ కూలిపోతోందనుకున్నా. భయమేసి పాక్కుంటూ మళ్ళీ గదిలోకి పోయి బల్ల కింద దూరా."

రంగులక్క చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. కమిలిపోయి నీలంగా మారిన అరచేతులు. ఆ దెబ్బలు ఎవరివో అత్తగారికి తెలియదు. తలుపు అవతల ఒరుసుకున్న చప్పుడు ఏమిటో, ఎందుకు ఆగిపోయిందో కోడలికి ఇప్పుడు తెలిసింది. మధ్యలో ఉన్నది ఒక ఇనప రేకు. కడ్డీ మీద చెయ్యి పడితే చాలు తెరుచుకొనేది. తను ఎంత గట్టిగా బాదితే ఆమె అంత దూరం పాకింది.

చెప్పకుండా ఉండొచ్చు. ముసలమ్మకు ఎవరు చెబుతారు, చెప్పినా ఎలా వింటుంది? అయినా రంగులక్క మంచం అంచున ముందుకు వంగి, పెదవులు కనబడేలా ముఖం ఎత్తి చెప్పింది. అది గోడ కాదు అత్తయ్యా, తలుపు. దాని మీద బోర్డు ఉంది. గుడ్డ కప్పాము. మామ్మకు అందలేదు. కనుబొమలు ముడిచి, మళ్ళీ చెప్పమన్నట్టు తల ఆడించింది. ఏడుస్తున్న నోటి మీద మాటలు పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. రంగులక్క కళ్ళు తుడుచుకొని, నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటే విడదీసి గట్టిగా చెప్పింది. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు.

"ఆ తొడుగులు కుట్టింది నేనే. బాదింది కూడా నేనే."

మామ్మ చాలాసేపు కోడలి నోటికేసే చూస్తూ ఉండిపోయింది, ఇంకా ఏదో మాట రావలసి ఉన్నట్టు. తర్వాత ఆ కమిలిన అరచేతుల్ని చూసింది. ఒకదాన్ని తన చేతిలోకి తీసుకొని, బొటనవేలితో మెల్లగా రాసింది.

"తలుపని తెలిస్తే తోసేదాన్ని కదే" అంది.

ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. రంగులక్క తల దించుకొని ఆ చేతి మీద నుదురు ఆనించింది. వరండాలో ఎవరో బల్ల ఈడ్చిన చప్పుడయింది. మామ్మకు అది వినబడలేదు కానీ, నేల అదిరిన తీరు మంచం కాళ్ళలోంచి తగిలినట్టుంది. కళ్ళు వార్డంతా వెతికాయి.

"ఇక్కడ దారెటు?"

కోడలు తలెత్తి చూసింది. వార్డు చివర తలుపు మీద ఆకుపచ్చ బోర్డు వెలుగుతోంది. చేత్తో చూపించింది.

"నువ్వు దిగి చూశావా? కిందిదాకా?"

లేదని తల ఆడించింది.

"చూసి రా."

రంగులక్క లేచి వెళ్ళింది. తలుపు తోస్తే తెరుచుకుంది. మెట్లు దిగింది. చిట్టచివరి తలుపు దగ్గర విరిగిన చక్రాల కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటిని చూసిన క్షణం అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. మళ్ళీ ఆ పొగ వాసన వచ్చినట్టే అనిపించింది. కాసేపటికి లేచి ఒక్కొక్కటే పక్కకు లాగడం మొదలుపెట్టింది. నేల ఊడుస్తున్న ఆయా చూసి, ఎందుకమ్మా అని అడిగింది. మా అత్తయ్య పైన ఉంది, ఆమెకు వినబడదు అంది రంగులక్క. ఆయా చీపురు గోడకు ఆనించి వచ్చి రెండో పక్క పట్టింది. అన్నీ తీసేదాకా ఉండి, తలుపు తోసి, వీధి వెలుతురు లోపలికి వచ్చాక, రోజూ నేను చూస్తాలే, నువ్వు పైకి పో అంది.

పైకి వచ్చి, తెరుచుకుంటుంది అత్తయ్యా అని చెప్పింది. మామ్మ తలగడను అటువైపు జరపమంది. బోర్డు నేరుగా కనబడేలా సర్దుకొని పడుకుంది. కోడలు ఆమె చూపుకు అడ్డం రాకుండా మంచానికి ఇటుపక్క కూర్చుంది. మామ్మ కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచి, బోర్డును చూసి, మళ్ళీ మూసుకుంది.